పక్షి మేసెడి కడలి

దక్షిణాఫ్రికా దేశమున కేప్‌టౌన్ నగరమునకు ఎదుట, బ్లూబర్గ్ తీరమునుండి సుమారు 7 కిలోమీటర్ల దూరమున నున్న రాబెన్ దీవి పేరు వినని తెలుగు పాఠకులు అరుదు. నెల్సన్ మండేలా 1964 మొదలు 1982 వరకు ఆ దీవి చెరసాలలోనే బందీగా నుండి, అచ్చటి సున్నపురాతి గనిలో రాళ్లు కొట్టుచు తన వయసులో గొప్పభాగమును గడపెను. ఆయనను అచ్చటినుండి ప్రధాన భూభాగమునందలి మరియొక కారాగారమునకు మార్చిన మరుసటి సంవత్సరమున, అనగా 1983లో, ఆ దీవికి వేరొక జాతి నివాసులు తమంతట తామే తిరిగివచ్చినవి. సుమారు రెండు శతాబ్దములకు పూర్వమే మనుష్యుల వేటచేత ఆ దీవినుండి సమూలముగా నశించిన ఆఫ్రికా పెంగ్విన్ పక్షులు జంటలు జంటలుగా ఒడ్డునకు చేరి, పొదలక్రింద గుంటలు చేసికొని గ్రుడ్లు పెట్టినవి. ఏటేట వాని సంఖ్య పెరిగి, 2004 నాటికి ఎనిమిదివేల జంటలను మించెను. అంతట పెరుగుట నిలిచి తరుగుట మొదలయ్యెను. పిమ్మట కొలది సంవత్సరములలోనే దీవిలోని గూళ్లు పెక్కు శూన్యములయ్యెను.

ఈ తరుగుదలకు ముఖ్యకారణము దీవిమీద వెదకిన దొరకునది కాదు. 1999లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడిన ఆ దీవియందు పక్షిని కొట్టువారు లేరు, గ్రుడ్లను ఎత్తుకొని పోవువారు లేరు. గూళ్లను లెక్కించుటకును, గాయపడిన పక్షులను ఆదుకొనుటకును శ్రద్ధగల మనుష్యులు నిత్యము తిరుగుచునే యుందురు. చూచువారికి కాపాడవలసినదెల్ల కాపాడబడినట్లే తోచును. కాని పెంగ్విన్‌కు దీవి నిదురించుటకును, పిల్లలను పెంచుటకును కావలసిన తావు మాత్రమే. అది తినెడి ప్రతి కబళమును సముద్రమునుండి రావలసినదే. పక్షి గ్రుడ్లు పెట్టు నేల ఎంత దాని ఇల్లో, ఆ నేలనుండి అది పోయి మేసిరాగలిగిన నీరును అంతయే దాని ఇల్లు. ఈ సంగతి జీవశాస్త్రజ్ఞులకు చిరకాలముగా తెలిసినదే యైనను, చట్టమునకు తెలియుటకు మాత్రము మిక్కిలి ఆలస్యమయ్యెను.

పెంగ్విన్ అనగానే మనకు మంచుగడ్డలును, ధ్రువప్రాంతపు గాలివానలును మనస్సున మెదలును. ఆఫ్రికా పెంగ్విన్ మంచు నెరుగదు. నమీబియా, దక్షిణాఫ్రికా దేశముల తీరములయందును, ఆ తీరముల కెదుటనున్న దీవులయందును తప్ప లోకమున మరెక్కడను గ్రుడ్లు పెట్టని ఈ పక్షి, ఎండకాయు ఇసుకనేలపై బ్రదుకుచు, కంటిపైనున్న గులాబిరంగు చర్మముద్వారా ఒంటి వేడిని వెలికి పంపుకొనును. దాని బరువు సుమారు మూడు కిలోగ్రాములు, ఎత్తు రెండడుగుల పైచిలుకు. నేలమీద దాని నడక తడబాటుగా నుండును గాని, నీటిలో ప్రవేశించినతోడనే అంతటి చురుకైన ప్రాణి మరియొకటి లేదనిపించును. సాధారణముగా 30 మీటర్ల లోతువరకును, అవసరమైనచో 100 మీటర్లను మించిన లోతులకును మునిగి చేపలను పట్టగలదు. ఎగురుట మాత్రము దానికి రాదు. దాని కష్టములకెల్ల మూలము ఇచ్చటనే యున్నది.

ఆడ మగ పక్షులు రెండును వంతులవారీగా సుమారు 40 దినములు రెండు గ్రుడ్లను పొదుగును. పిల్లలు వెలువడిన పిదప మొదటి నెలనాళ్లు తల్లిదండ్రులలో ఒకటి గూటివద్ద కావలి యుండవలెను. రెండవది సముద్రమునకు పోయి, కడుపునిండ చేపలు తిని, వచ్చి, ఆ ఆహారమును పిల్లల నోట గ్రక్కవలెను. పోయినది ఆలస్యముగ వచ్చెనా, పిల్లలు కృశించును. మరింత ఆలస్యమయ్యెనా, ఇంటనున్నది కూడ ఆకలికి తాళజాలక గూడు విడిచి నీటికి పోవును. అప్పుడు దిక్కులేని పిల్లలు ఎండకో, గల్ పక్షులకో బలియగును. అదే దీవులలో గూళ్లు కట్టు కేప్ గానెట్ పక్షి, రెక్కలబలిమిచే నూరు కిలోమీటర్లకు పైగా సముద్రమును గాలించి రాగలదు. పెంగ్విన్‌కు ఆ వీలులేదు. రాటకు కట్టిన పశువు పలుపు పొడవున్నంత మేరకే మేయగలదు. పిల్లలున్న కాలమున పెంగ్విన్ స్థితియు అట్టిదే, దాని పలుపు పొడవు ఇంచుమించు 20 మొదలు 40 కిలోమీటర్లు. ఆ వలయములో చేప యున్న పిల్ల బ్రదుకును, లేకున్న బ్రదుకదు. వలయమునకు ఆవల ఎన్ని లక్షల టన్నుల చేప యున్నను ఆ దినమున ఆ పిల్లకు ప్రయోజనము లేదు.

పెద్దపక్షులకును ఇట్టి గండమొకటి ఏటేట తప్పదు. సంవత్సరమున కొకమారు అవి తమ ఈకలన్నిటిని ఒక్కపెట్టున రాల్చి క్రొత్త ఈకలు తొడుగుకొనును. ఆ మూడు వారములు దేహమునకు నీటిని ఆపగల కవచ ముండదు గనుక అవి సముద్రములో దిగజాలవు. నిరాహారముగా ఒడ్డున నిలిచి, అంతకుముందు కూడబెట్టుకొన్న క్రొవ్వుతోనే ప్రాణము నిలుపుకొనవలెను. ఉపవాసమునకు ముందు కడుపునిండ తిండి దొరకని పక్షి క్రొత్త ఈకలు వచ్చులోపలనే చచ్చును. దొరకినను, ఉపవాసము ముగిసి ఎముకలగూడై నీటిలో దిగిననాడు మరల దగ్గరలోనే చేప కనబడకున్న చచ్చును.

పూర్వకాలమున ఈ పక్షికి కీడు దీవులమీదనే జరిగెను. వేల సంవత్సరములుగా దీవులపై పేరుకొన్న పక్షిరెట్ట పొలములకు మేలైన ఎరువని తెలిసిన తరువాత, 1840లలో నమీబియా తీరమునందలి ఇచబో దీవికి వందలకొలది ఓడలు ఎగబడి, రెట్టను రాతిదాక గీకి ఎత్తుకొనిపోయెను. ఆ దోపిడి పిమ్మట దక్షిణాఫ్రికా దీవులకును ప్రాకెను. రెట్టపొరలలో బొరియలు తవ్వుకొని చల్లని నీడలో గ్రుడ్లు పెట్టుట పెంగ్విన్‌కు పరంపరాగతమైన అలవాటు. పొర పోయినప్పుడు దానికి మిగిలినది నగ్నమైన రాయియు, నడినెత్తి ఎండయు. దానికి తోడు, డాసెన్ మున్నగు దీవులనుండి ఏటేట లక్షలకొలది గ్రుడ్లను ఏరి కేప్‌టౌన్ విపణిలో భక్ష్యముగా విక్రయించుచుండిరి. ఈ ఆచారము 1960ల చివరి వరకు సాగెను. ఇరువదవ శతాబ్ద ప్రారంభమున పది లక్షలకు పైబడి యుండిన ఈ జాతి, 1956 నాటి గణనకు లక్షా నలుబదివేల జంటలకు దిగెను. నేడు ప్రపంచమునంతటను కలిపి పదివేల జంటలు లేవు. ఏటికి సుమారు 8 శాతము చొప్పున తరుగుచున్న ఈ పక్షిని అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమితి 2024 అక్టోబరులో అత్యంత విషమస్థితిలో నున్న జాతుల పట్టికలో చేర్చెను. ఇదే వేగము సాగినచో 2035 ప్రాంతమునకు స్వేచ్ఛగా బ్రదుకు పెంగ్విన్‌లు మిగులకపోవచ్చునని పండితులు హెచ్చరించుచున్నారు.

రెట్ట తవ్వుట ఆగినది, గ్రుడ్లు ఏరుట ఆగినది. అయినను పక్షి తరుగుచునే యున్నదనగా, చూడవలసినది నీటివైపునకే.

ఆఫ్రికాఖండపు నైరృతితీరమున బెంగువేలా అను చల్లని ప్రవాహము కలదు. వేసవిలో ఆగ్నేయదిశనుండి వీచు గాలులు ఉపరితలజలమును ఒడ్డునుండి లోపలి సముద్రమునకు నెట్టివేయగా, దాని స్థానమును భర్తీచేయుటకు అడుగునుండి చల్లని జలము, పోషకలవణములతో నిండినది, పైకి ఎగబ్రాకును. సూర్యరశ్మి తగిలినతోడనే ఆ జలమున సూక్ష్మమైన వృక్షప్రాణులును, వానిని తిను సూక్ష్మజంతువులును అపారముగా పుట్టును. వానిని తిని రెండు చిన్నచేపలు కోట్లకొలదిగా వృద్ధిపొందును. ఒకటి సార్డిన్, మన తీరమున కవల్లు అను చేపలకు దగ్గరి చుట్టము. రెండవది ఆంకోవీ, మన నెత్తళ్ల కుటుంబమునకు చేరినది. ఈ రెండును ఆఫ్రికా పెంగ్విన్‌కు ప్రధానాహారము.

ఈ చేపల యాత్ర నా దృష్టిలో ఈ కథయందలి అత్యద్భుతమైన భాగము. ఆంకోవీలు ఆఫ్రికా దక్షిణాగ్రమువద్ద అగుల్హాస్ మెట్ట అను విశాలమైన తీరపీఠముపై వసంత గ్రీష్మములలో గ్రుడ్లు విడుచును. ప్రవాహవేగమున ఆ గ్రుడ్లును, చూపునకందని పిల్లలును పడమటితీరము వెంబడి ఉత్తరమునకు కొట్టుకొనిపోయి, సెయింట్ హెలీనా అఖాత ప్రాంతమున ఆగి, అచ్చటి సమృద్ధజలములలో పెరుగును. వ్రేలెడంత ఎదిగిన తరువాత, శరత్తునుండి శీతకాలమువరకు, అవి పెనుగుంపులుగా కూడి, ఒడ్డునంటి దక్షిణమునకు తిరుగుప్రయాణము చేయును. ఆ దారిలోనే డాసెన్ దీవియు, రాబెన్ దీవియు నున్నవి. ఆ నెలలలోనే ఆ దీవులలోని పెంగ్విన్‌లు పిల్లలను పెంచును. అనేక సహస్రాబ్దములుగా చేప దారియు, పక్షి ఋతువును ఒకదానితో నొకటి ఇట్లు కుదురుకొన్నవి. ఆ నెలలలోనే, ఆ దారిలోనే, రింగు వలల ఓడలును కాచుకొనియుండును.

రింగు వల మన పాఠకులకు క్రొత్తది కాదు. చేపలగుంపు చుట్టును ఓడ వలయాకారముగా తిరిగి వలను దించి, క్రింది అంచునందలి త్రాటిని బిగించినచో వల అడుగు మూసికొని, గుంపు గుంపంతయు చిక్కును. విశాఖపట్టణతీరమున ఈ వలలనుగూర్చి సంప్రదాయ జాలరులకును, రింగు వలల వారికిని ఎంతటి వివాదము చెలరేగినదో, ఒడ్డునుండి 8 కిలోమీటర్ల లోపల ఆ వల వేయరాదను నియమము ఎందుకు పుట్టినదో మన పత్రికలు వ్రాయుచునే యున్నవి. అచ్చట ఒక మనుష్యసముదాయము తనకు చేరువలోని నీరు తనకు దక్కవలెనని అడుగుచున్నది. రాబెన్ దీవివద్ద అట్లు అడుగవలసిన ప్రాణికి నోరులేదు. దక్షిణాఫ్రికాలో ఈ వేట ఇరువదవ శతాబ్దపు నడుమ విజృంభించి, 1960ల ఆదిలో సార్డిన్‌ల దిగుబడి సంవత్సరమునకు నాలుగులక్షల టన్నులకు చేరి, అంతలోనే కుప్పకూలెను. పిమ్మట ఆంకోవీ దాని స్థానమున నిలిచెను. దానిలో అధికభాగము మనుష్యుల పళ్లెములోనికి గాక, పశువుల మేతకును, పెంపకపు చేపల మేతకును పొడియై, నూనెయై పోవుచున్నది.

ఇంతలో సముద్రము కూడ మారెను. 1990ల చివరనుండి సార్డిన్ గుంపులు పడమటితీరమును విడిచి అగుల్హాస్ అగ్రమునకు తూర్పుగా జరుగసాగెను. కారణము నీటి స్వభావమున వచ్చిన మార్పులని కొందరును, పడమటి గుంపులను మితిమీరి పట్టుటయని కొందరును చెప్పుచున్నారు. రెండును కలిసి పనిచేసినవని నా విశ్వాసము. చేప తరలిపోయినను పెంగ్విన్ తరలిపోలేదు. పుట్టిన దీవికో, మొదట గూడుకట్టిన దీవికో జీవితాంతము అంటిపెట్టుకొనియుండుట దాని ప్రకృతి.

పిల్లపక్షుల గతి మరింత దయనీయము. గూడువిడిచిన పెంగ్విన్ పిల్లకు దారి చూపు పెద్దలు లేరు. చల్లని జలమును, సూక్ష్మప్రాణుల సమృద్ధిని సూచించు గుర్తులను పట్టుకొని అది తనంతట తాను వందలాది కిలోమీటర్లు ఈదును. పూర్వము ఆ గుర్తులున్నచోట చేపలు తప్పక యుండెడివి. నేడు ఆ గుర్తులు పిల్లపక్షులను నమీబియా జలములకు చేర్చుచున్నవి. అచ్చటి సార్డిన్ సంపద 1970ల నాటికే వేటచేత నాశనమై, దాని తావును జెల్లీచేపలును, సారములేని చిన్నచేపలును ఆక్రమించినవి. ఉపగ్రహములకు సంకేతము పంపు పరికరములను పిల్లపక్షులకు అమర్చి శాస్త్రజ్ఞులు 2017లో ఈ సంగతిని ప్రకటించిరి. సరియైన గుర్తును సరిగనే చదివి, సరిగనే చేరి, చేరినచోట ఆకలితో చచ్చు పక్షిని తలచుకొన్నప్పుడు మనస్సు కలుక్కుమనును. తల్లిదండ్రులు పెంచి పంపిన పిల్లలలో పెక్కు ఇట్లు నష్టమగుచున్నప్పుడు, గూటివద్దనే చచ్చు పిల్లలనైన తగ్గించుట ఎంత యావశ్యకమో చెప్పనక్కరలేదు.

దీవుల చుట్టును కొంత నీటిని వేటకు మూసివేసినచో పక్షికి మేలగునా యని పరీక్షించుటకు దక్షిణాఫ్రికా ప్రభుత్వము 2008లో ఒక ప్రయోగము ప్రారంభించెను. పడమట డాసెన్, రాబెన్ దీవులు ఒక జతగను, తూర్పున అల్గోవా అఖాతమునందలి సెయింట్ క్రోయ్, బర్డ్ దీవులు మరియొక జతగను గ్రహించి, జతలో ఒకదాని చుట్టును 20 కిలోమీటర్ల మేర రింగు వలలను నిషేధించి, రెండవదానిని తెరచియుంచి, కొన్ని సంవత్సరములకు తారుమారు చేయుచు పదేండ్లకు పైగా నడపిరి. సెయింట్ క్రోయ్ వద్ద నీరు మూసిన మూడు నెలలలోనే పెంగ్విన్‌లు మేతకై పడు ప్రయాస సుమారు 30 శాతము తగ్గెనని తేలెను. రాబెన్ దీవియందు వేట నిలిపిన సంవత్సరములలో పిల్లల మనుగడ మెరుగయ్యెను. ఐనను అన్ని దీవులయందు ఫలితములు ఒక్కతీరుగ రాలేదు. కదలెడి నీటిలో, కదలెడి చేపలనడుమ, ఒక్క కారణమును వేరుచేసి కొలుచుట మిగుల కష్టము. ఆ కష్టమును ఆధారముగా చేసికొని, మేలు రుజువు కాలేదని మత్స్యపరిశ్రమ పక్షమువారును, రుజువైనదని పక్షిశాస్త్రజ్ఞులును అనేక సంవత్సరములు వాదులాడిరి. వాదము సాగినన్నాళ్లును పక్షి తరుగుచునే యుండెను.

నీటికి గల గండము వలయొక్కటే కాదు. 2000 సంవత్సరము జూన్ 23న ఇనుపఖనిజపు బరువుతో పోవుచున్న ట్రెజర్ అను ఓడ సరిగా డాసెన్, రాబెన్ దీవుల నడుమ మునిగెను. దాని యింధనతైలము గట్టుకు కొట్టుకొనివచ్చి సుమారు 19,000 పెంగ్విన్‌లను నల్లగా పూసెను. నూనె అంటిన ఈక నీటిని ఆపదు. పక్షి చలికి గడ్డకట్టి చచ్చును. 1968నుండి సముద్రపక్షులను ఆదుకొనుచున్న శాన్‌కాబ్ అను సంస్థవారును, దేశదేశములనుండి వచ్చిన వేలాది స్వచ్ఛందసేవకులును ఆ పక్షులను ఒక్కొక్కదానినే చేతులతో కడిగి, ఒక్కొక్కదాని నోటనే చేపపెట్టి, అత్యధికభాగమును బ్రదికించిరి. నూనె అంటని మరి 19,500 పక్షులను ఏమిచేయవలెనన్న ప్రశ్నకు వారు కనుగొన్న ఉపాయము చిరస్మరణీయము: వానిని పట్టి, రహదారిమీద సుమారు 800 కిలోమీటర్లు తూర్పునకు గొనిపోయి, పోర్ట్ ఎలిజబెత్ వద్ద సముద్రములో విడిచిరి. పక్షులు ఈదుకొని ఇల్లు చేరులోపల ఇల్లు శుభ్రపడునని వారి యంచనా, అట్లే జరిగెను. పీటర్, పమేలా, పెర్సీ అను పేర్లుపెట్టి ఉపగ్రహపరికరములు అమర్చిన మూడు పెంగ్విన్‌లు ఏయే దినమున ఎంతదూరము వచ్చినవో దేశమంతయు ఆత్రముగా గమనించెను. రెండు మూడు వారములలో అవి తమ దీవులు చేరెను. పక్షికి తన నీటితో గల బంధమెట్టిదో ఆ ఈత చాటినట్లు ఏ పుస్తకమును చాటజాలదు.

అల్గోవా అఖాతమున మరియొకరకపు విపత్తు వచ్చెను. 2016నుండి అచ్చట ఓడనుండి ఓడకు ఇంధనము నింపు వ్యాపారము మొదలయ్యెను. ఒకప్పుడు లోకమునంతటను ఈ పెంగ్విన్‌లకు అతిపెద్ద నివాసమైన సెయింట్ క్రోయ్ దీవికి ఎదుటనే మహానౌకలు లంగరు వేసి నిలువజొచ్చెను. నూనె చిందుటయేగాక, యంత్రముల ఘోష నీటిక్రింద అహర్నిశలు మ్రోగసాగెను. ఆ తరువాతి సంవత్సరములలో ఆ దీవి పక్షులు కొలదిభాగము మాత్రమే మిగిలెను. శబ్దమువలన ఎంత, చేపలలేమివలన ఎంత యని విడదీయుట సులభము కాదు గాని, పక్షి మేసెడి నీటిని ఖాళీనీరుగ భావించినవారు మాత్రమే అచ్చట అట్టి వ్యాపారమునకు చోటుచూపగలరు.

ఇక దీవులచుట్టు వేటను మూయు సంగతికి వచ్చినచో, 2022లో దక్షిణాఫ్రికా పర్యావరణ మంత్రిత్వశాఖ తాత్కాలికముగా కొన్ని జలభాగములను రింగు వలలకు మూసి, ఆ వివాదమును తీర్చుటకు అన్యదేశీయ పండితులతో నొక సంఘమును నియమించెను. 2023లో ఆ సంఘము చెప్పిన మాట నిష్పాక్షికమైనది: ప్రధాన దీవులచుట్టు నీటిని మూసినచో పక్షుల వార్షికవృద్ధి ఒక్కశాతమునకు అటునిటుగా మెరుగగును, అది స్వల్పమైనను నిజమైన మేలు, కాని అదియొక్కటియే తరుగుదలను నిలుపజాలదు, మూయదలచినచో పక్షులు ఎక్కువగా మేసెడి భాగములనే మూయవలెను. ఆ ఏడు ఆగస్టులో మంత్రి బార్బరా క్రీసీ మూసివేతలను పదేండ్లు పొడిగించెను గాని, పొడిగింపబడినవి పాత తాత్కాలికపు హద్దులే. ఉభయపక్షములను కొంత కొంత సమాధానపరచుటకై గీయబడిన ఆ హద్దులు పెక్కుచోట్ల పక్షి మేతనేలను సగము కోసి వెలుపల విడిచినవి.

హద్దుగీత ఎక్కడ పడినదన్నది సామాన్యవిషయముగ తోచవచ్చును. ఎన్ని చదరపు కిలోమీటర్లు మూసితిమన్న లెక్క వినుటకు సొంపుగనే యుండును. కాని చేపలగుంపు సముద్రమంతట సమముగా పరచుకొనియుండదు. అడుగునేల ఎత్తుపల్లములనుబట్టి, గాలినిబట్టి, ప్రవాహమునుబట్టి కొన్నిచోట్లనే దట్టముగా చేరును. పెంగ్విన్ ఆ చోట్లకే పోవును, ఓడయు ఆ చోట్లకే పోవును. ఇద్దరికిని పనికిరాని నీటిని మూసి, ఇద్దరును కోరు నీటిని తెరచియుంచినచో, పటముమీద రక్షణ కనబడును, గూటిలో పిల్లకు చేప కనబడదు. పరికరములు ధరించిన పక్షులు తాము పోవుచోట్లను సంవత్సరములతరబడి స్వయముగ చూపియుండగా, ఆ దారులను ప్రక్కన పెట్టి హద్దులు గీయుట అన్యాయమని నేను నిస్సంశయముగ తలంచుచున్నాను.

బర్డ్‌లైఫ్ సౌత్ ఆఫ్రికా, శాన్‌కాబ్ అను రెండు సంస్థలు అట్లే తలంచి, 2024 మార్చిలో ప్రిటోరియాలోని ఉన్నతన్యాయస్థానమున మంత్రి నిర్ణయమును సవాలు చేసెను. అర్థవంతముకాని హద్దులను గీయుట రాజ్యాంగము ప్రకృతికి ఇచ్చిన రక్షణను ఉల్లంఘించుటయని వారి వాదము. విచారణ పూర్తికాకముందే మత్స్యపరిశ్రమ సంఘములతో రాజీ కుదిరి, 2025 మార్చి 18న అది న్యాయస్థానపు ఉత్తరువుగ వెలువడెను. డాసెన్, రాబెన్, డయర్, సెయింట్ క్రోయ్, బర్డ్ దీవులును, ప్రధానభూభాగముమీదనున్న స్టోనీ పాయింట్ నివాసమును కలిపి ఆరుచోట్లకు క్రొత్త హద్దులు ఏర్పడెను. రాబెన్, బర్డ్ దీవుల చుట్టును పూర్తిగా 20 కిలోమీటర్ల వలయము లభించెను. ఈ హద్దులు 2033 వరకు అమలులో నుండును.

ఇచ్చట మత్స్యకారుని పక్షమును విస్మరించుట ధర్మము కాదు. పడమటితీరపు రేవుపట్టణములలో వేలాది కుటుంబములు ఈ చేపలమీదనే బ్రదుకుచున్నవి. డబ్బాలలో నింపిన సార్డిన్ దక్షిణాఫ్రికా పేదవానికి అందుబాటులో నున్న మాంసకృత్తు. మనవారికిని ఈ చేపతో చిరకాలపు సంబంధము కలదు: 1860లో మద్రాసునుండి ట్రూరో అను ఓడ డర్బను చేరినది మొదలు, చెరకుతోటల కూలికై పోయిన తెలుగు, తమిళ కుటుంబములవారు కొందరు, ఒప్పందపుగడువు తీరినపిదప అచ్చటి బీచిలలో వలలు పట్టి జీవించిరి, ప్రతి శీతకాలమున నాటల్ తీరమునకు సార్డిన్‌ల మహాప్రవాహము వచ్చినప్పుడు ఒడ్డునుండి వలలాగు వారిలో వారి సంతతివారును కలరు. అయితే రాబెన్ దీవి చుట్టునున్న నీటిని మూసినంతమాత్రమున పరిశ్రమకు ఉపద్రవము రాదు. నిషేధము రింగు వలలకు మాత్రమే. ఓడలు వలయమునకు ఆవల పట్టుకొనవచ్చును, దేశమునకు నిర్ణయించిన మొత్తపు పరిమితియు అట్లే యుండును. ఓడకు ఇరువది కిలోమీటర్లు అదనపు ఇంధనపు ఖర్చు, ఒక్కొక్కప్పుడు కోల్పోయిన దినము. ఆ నష్టము నిజమైనదే, దానిని కొలిచి చెప్పుట న్యాయమే. కాని ఓడ దూరము పోగలదు, పెంగ్విన్ పోజాలదు.

నీటిమీద పని ఇట్లుండగా, నేలమీద పనియు నడుచుచున్నది. రెట్టపొరలు పోయినచోట ఎండను ఆపు కృత్రిమపు గూళ్లు డయర్ మున్నగు దీవులలో అమర్చబడినవి. సార్డిన్‌లు తూర్పునకు జరిగినవి గనుక, పక్షిని అచ్చటికి పిలుచుటకై డి హూప్ అభయారణ్యపు కొసను కంచెతో కాపాడి, పెంగ్విన్ బొమ్మలను నిలిపి, వాని కూతలను యంత్రముద్వారా వినిపించి, చేతులతో పెంచిన పిల్లపక్షులను 2021నుండి విడుచుచున్నారు. 2022 చివర అచ్చట గ్రుడ్లు పెట్టిన జంటలు కనబడెను. పుట్టినచోటును విడువని ప్రాణికి క్రొత్త ఊరు నేర్పుట ఎంత ఓపికతో కూడిన పనియో ఊహింపవచ్చును.

ఇంకను మిగిలిన పెద్దపని చేపల మొత్తమునకు సంబంధించినది. వలయము గీచినను, వలయములోనికి వచ్చు చేప బయటనే పట్టువడినచో లోపల ఏమియు మిగులదు. అందుచేత సార్డిన్‌ల పరిమితిని దేశమంతటికిని ఒక్కటిగా లెక్కింపక, చిక్కిపోయిన పడమటిగుంపునకు వేరుగ, తక్కువగ నిర్ణయింపవలెననియు, సంపద ఒక మేరకు దిగినప్పుడు వేటను పూర్తిగ నిలుపవలెననియు, పక్షులకు కావలసిన భాగమును ముందు తీసి పిదపనే ఓడలకు పంచవలెననియు పక్షిశాస్త్రజ్ఞులు కోరుచున్నారు. తూర్పుతీరమున చేపలు గ్రుడ్లు పెట్టుకాలమని ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మన ఆంధ్ర జాలరులు మరపడవల వేట మానుచున్నారు; చేప కొఱకు వేట ఆపుట సాధ్యమైనచోట, చేపను తిను పక్షి కొఱకు దాని పాలు విడుచుట అసాధ్యము కాదు. న్యాయస్థానపు ఉత్తరువు ఫలితము ఒకటి రెండేండ్లలో తెలియునది కాదు, ఏలయన నేడు పుట్టిన పిల్ల నాలుగైదేండ్లకు గాని గూడుకట్టదు. 2033లో ఆ గడువు తీరునాటికి రాబెన్ దీవియందు లెక్కకు వచ్చు జంటలు ఈ సంవత్సరములలో ఆ ఇరువది కిలోమీటర్ల నీటిలో మేసి పెరిగిన పిల్లలే యై యుండవలెను.